పంది రైతుకీ ఒక సంఘం

తెలుగు సంఘం వారి వార్షిక సంచికలో పందుల పెంపకందార్ల సంఘాల మీద వ్యాసమేమిటని మీకు అనిపించవచ్చు. మన సాహిత్యంలో పందికి దక్కిన గౌరవం వరాహావతారంతో మొదలై దాదాపు అక్కడే ఆగిపోయింది. ఆ తరువాత అది తిట్టుగానే మిగిలింది. పంది మాంసం ముట్టని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి నాకొక కారణం ఉంది. నేను యాంగోన్‌లో, అంటే మన తాతల నోట్లో నలిగిన "రంగం"లో, పశువుల దాణా వ్యాపారంలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. తవుడు ధర, మొక్కజొన్న ధర, పంది ధర - ఈ మూడు అంకెలతోనే నాకు తెల్లవారుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా పందిని పెంచేవాడి చేతిలో లేదు. ఎందుకు లేదు, ఎక్కడైనా ఉందా, ఉంటే ఎలా వచ్చింది అని వెతుక్కుంటూ పోతే, అది సంఘాల చరిత్రగా తేలింది. ఆ చరిత్రలో మన తెలుగువాళ్ళకీ ఒక పేజీ ఉంది.

పంది ఆగదు

ముందుగా, పంది రైతుకి సంఘం అవసరం ఎందుకు ఎక్కువో చెప్పాలి. వరి పండించినవాడు ధర బాగాలేకపోతే ధాన్యాన్ని గాదెలో పోసి రెండు నెలలు ఆగగలడు. పంది అలా ఆగదు. మేలు జాతి పంది ఐదారు నెలల్లో నూరు కిలోల దాకా పెరుగుతుంది. అక్కణ్ణించి అది తినే ప్రతి కిలో దాణాకీ వచ్చే మాంసం తగ్గుతూ, కొవ్వు పెరుగుతూ ఉంటుంది. అమ్మకం ఒక వారం వాయిదా వేస్తే ఆ వారం తిండి ఖర్చు రైతు మీదే పడుతుంది. ఈ సంగతి దళారికి రైతుకంటే బాగా తెలుసు. బేరంలో ఆగలేనివాడే ఎప్పుడూ ఓడిపోతాడు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఈ ఏడు ధర బాగుంది కదా అని అందరూ ఆడపందుల్ని చూలు కట్టిస్తారు. చూలు మూడు నెలల మూడు వారాల మూడు రోజులని రైతులు లెక్క చెప్తారు. సుమారు 114 రోజులు. ఆ తరువాత పిల్లలు పెరగడానికి ఆరు నెలలు. అంటే ఇవాళ్టి ధర చూసి తీసుకున్న నిర్ణయం బజారుకి చేరేసరికి పది నెలలు గడుస్తాయి. అప్పటికి అందరి పందులూ ఒకేసారి వస్తాయి, ధర కూలుతుంది. దెబ్బతిన్నవాళ్ళు ఆడపందుల్ని అమ్మేసుకుంటారు. మరో ఏడాదికి పందులు తక్కువై ధర మళ్ళీ ఎగురుతుంది. అర్థశాస్త్రంలో దీన్ని "పంది చక్రం" అంటారు. 1920 దశకం చివర్లో ఆర్థర్ హనావ్ అనే జర్మన్ అర్థశాస్త్రవేత్త దీన్ని లెక్కలు కట్టి చూపించాడు. ఈ సిద్ధాంతం మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి. బ్రిటిష్ పందుల లెక్కలు తీసి 1935లో దాన్ని ప్రశ్నించిన వారిలో, ఆ తరువాత ఎప్పుడో నోబెల్ బహుమతి అందుకున్న రొనాల్డ్ కోస్ కూడా ఉన్నాడు. ఎవరి వాదం నెగ్గినా, ఒంటరి రైతుకి పక్కవాడు ఎన్ని పందుల్ని కట్టాడో తెలియదన్నది మాత్రం నిజం. నలుగురి లెక్కలూ ఒకచోట చేరితేనే అది తెలుస్తుంది. ఆ "ఒకచోట"కే సంఘమని పేరు.

రంగూనులో ఎవరి సంఘం వారిది

సంఘాలు ఎలాంటి బలాన్నిస్తాయో చూడాలంటే పాత రంగూనుని మించిన ఉదాహరణ దొరకదు. 1852లో ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరిని పట్టుకున్నారు. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి ఐరోపా బజారు దగ్గరైంది. రంగూను నది ఒడ్డునా, పజుండాంగ్ వాగు పక్కనా బియ్యం మిల్లులు లేచాయి. మిల్లు ఉన్నచోట తవుడూ నూకా ఉంటాయి. తవుడూ నూకా ఉన్నచోట పందీ కోడీ పెరుగుతాయి. ఈ దేశంలో పంది పెంపకం ఈనాటికీ అలాగే, వరికి తోకలా నడుస్తోంది. ఇంటి వెనక రెండు పందులు, వాటికి తవుడు, కుడితి, సారా బట్టీ దగ్గర మిగిలిన మడ్డి. పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు కనుక ఆ ముందు నెలల్లో ఒక పందిని అమ్మితే పుస్తకాలకీ బట్టలకీ డబ్బు వస్తుంది. మన పల్లెటూళ్ళలో ఇంటావిడ గేదె పాలు అమ్మి దాచుకున్న డబ్బు లాంటిదే ఇది.

మిల్లుల యజమానుల సంగతి వేరు. ఐరోపా వర్తకులకి బర్మా చేంబర్ ఆఫ్ కామర్స్ ఉండేది. 1909 సంస్కరణల్లో బర్మా శాసనమండలిలో ఎన్నికతో నింపే సీటు ఒక్కటంటే ఒక్కటి ఇస్తే, అది దక్కింది ఈ చేంబర్‌కే. అంటే దేశంలో కోటిమందికి పైగా ఉన్న జనానికి లేని ఓటు ఒక వర్తక సంఘానికి ఉండేది. ఆ తరువాత 1921లో నాలుగు పెద్ద బియ్యం కంపెనీలు కలిసి ధాన్యం కొనుగోలు విషయంలో ఒక అవగాహనకి వచ్చాయి. చరిత్రలో దాన్ని "బుల్లింజర్ పూల్" అంటారు. కొనేవాళ్ళు నలుగురూ ఒక మాట మీద ఉంటే, అమ్మే లక్షలమంది రైతులు తలో దిక్కూ చూస్తూ ఉండిపోయారు.

చెట్టియార్లకి వాళ్ళ సంఘం ఉండేది. చీనా వర్తకులకి వాళ్ళ గుడులూ, కుల సంఘాలూ, చేంబరూ ఉండేవి. బర్మా వాళ్ళు 1919లో తమ చేంబర్ పెట్టుకున్నారు. 1935 చట్టం కింద వచ్చిన ప్రతినిధుల సభలో 132 సీట్లు. అందులో వర్తకానికీ పరిశ్రమలకీ 11, కార్మికులకి 4. సంఘం ఉన్నవాడికి సభలో కుర్చీ ఉండేదన్నమాట. తవుడు కలిపి పందిని మేపే మనిషికి ఆ పదకొండులోనూ చోటు లేదు, నాలుగులోనూ లేదు. అతను వర్తకుడూ కాడు, కూలీ కూడా కాడు.

మన పేజీ

ఇక్కడే మనవాళ్ళ కథ వస్తుంది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు సుమారు లక్షా అరవై వేలు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఓడెక్కి వచ్చిన వాళ్ళు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడ వాళ్ళందరినీ "కోరంగీలు" అనేవారు. అది గౌరవంగా అన్న మాట కాదు. ఓడల్లో బియ్యం బస్తాలు ఎత్తింది వీళ్ళు, రిక్షాలు లాగింది వీళ్ళు, ఊరి మురుగు ఎత్తింది వీళ్ళు.

వీళ్ళకి సంఘం బదులు మేస్త్రీ ఉండేవాడు. ఊళ్ళో బయానా ఇచ్చి ఓడెక్కించేవాడు మేస్త్రీ, పని ఇప్పించేవాడు మేస్త్రీ, కూలి పంచేవాడు మేస్త్రీ. అందులోంచి తన వాటా తీసుకునేవాడూ అతనే. 1930 మే నెలలో, గాంధీగారి అరెస్టు వార్త వచ్చిన రోజుల్లో, రేవు కూలీలు సమ్మె కట్టారు. రోజుకి రూపాయిన్నర కూలిని రెండు రూపాయలు చెయ్యమన్నారు. ఓడల కంట్రాక్టర్లు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని దించారు. తరువాత కూలి కాస్త పెంచి మనవాళ్ళతో రాజీ పడ్డారు. పనిలోకి దిగిన బర్మా వాళ్ళని ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, చాలావరకు తెలుగు కూలీలు. రెండు వైపులా పేదవాళ్ళే. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగిన సంఘం ఆ రేవులో లేదు. ఓడల వాళ్ళకి మాత్రం ఉంది.

పంది రైతుల వ్యాసంలో ఇదెందుకు చెప్పానంటే, మేస్త్రీ లాంటి మనిషి పశుపోషణలోనూ ఉంటాడు. పిల్లల్ని అప్పుగా ఇచ్చేది, దాణా అప్పుగా ఇచ్చేది, పెరిగిన పందిని కొనేది ఒకే మనిషైతే అతని దగ్గర బేరమాడే చోటే ఉండదు. ఈ ముడిని విప్పుకున్న రైతులు ప్రపంచంలో ఉన్నారా అంటే, ఉన్నారు. అది చూడటానికి కాసేపు రంగూను వదిలి ఉత్తర ఐరోపా వెళ్ళాలి.

డెన్మార్కు వాళ్ళు చేసిన పని

డెన్మార్కు రైతులు తమ పందుల్ని బతికుండగానే జర్మనీకి తోలి అమ్మేవారు. 1887లో జర్మనీ ఆ దిగుమతిని నిషేధించింది. అదే సంవత్సరం హోర్సెన్స్ అనే ఊళ్ళో రైతులు కలిసి సొంతంగా కబేళా పెట్టుకుని, పందిని ఉప్పులో ఊరేసి బేకన్ చేసి ఇంగ్లండుకి పంపడం మొదలెట్టారు. అంతకు ఐదేళ్ళ ముందే, 1882లో, వాళ్ళ మొదటి సహకార పాలకేంద్రం వచ్చింది. వెన్న తీశాక మిగిలిన పాలు రైతుకే తిరిగి వచ్చేవి. వాటితో పందులు పెరిగాయి. రంగూనులో తవుడు ఎలాగో అక్కడ వెన్న తీసిన పాలు అలాగ. కాకపోతే అక్కడి పాలకేంద్రం రైతుదే, ఇక్కడి మిల్లు రైతుది కాదు.

వాళ్ళ నిబంధనల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది, సభ్యుడు తన పందులన్నిటినీ సంఘం కబేళాకే ఇవ్వాలి. బయట ధర బాగుందని తోలుకుపోతే జరిమానా కట్టాలి. రెండోది, ఓటు మనిషికొకటి గాని పందికొకటి కాదు. ఐదు పందులవాడికీ, ఐదువందల పందులవాడికీ ఒకటే ఓటు. తరువాత జాతి మెరుగుపరచడానికి 1890 దశకంలో సంతానోత్పత్తి కేంద్రాలు, 1907 నుంచి పరీక్షా కేంద్రాలు వచ్చాయి. లాండ్రేస్ అనే వాళ్ళ పంది జాతి ప్రపంచమంతా పాకింది.

మొదటి నిబంధన ఎంత ముఖ్యమో బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ 1933లో ప్రభుత్వం చట్టం ద్వారా పందుల మార్కెటింగ్ బోర్డు పెట్టింది. బేకన్ ఫ్యాక్టరీలకి ఇన్ని పందులు ఇస్తామని రైతులు ఒప్పందాలు రాశారు. బయట బజారులో ధర పెరిగినప్పుడల్లా పందులు అటే పోయాయి, ఫ్యాక్టరీలు ఖాళీగా ఉన్నాయి. కాగితం మీద బోర్డు ఉన్నా, రైతు మనసులో అది తనది కాలేదు.

అమెరికాలో అణాల చందా

అమెరికాలో ఉన్న మన పాఠకుల్లో చాలామందికి "ది అదర్ వైట్ మీట్" అనే ప్రకటన గుర్తుండే ఉంటుంది. 1987లో మొదలైన ఆ ప్రకటనకి డబ్బు కట్టింది కంపెనీలు కావు, పంది రైతులు. అక్కడ 1954లో జాతీయ స్థాయిలో రైతుల మండలి ఏర్పడింది. దానికే తరువాత నేషనల్ పోర్క్ ప్రొడ్యూసర్స్ కౌన్సిల్ అని పేరు. 1966లో పందికి ఐదు సెంట్ల చొప్పున చందా ఎత్తడం మొదలెట్టారు. ఇష్టమైనవాడు ఇచ్చేవాడు. 1985లో కాంగ్రెసు చట్టం చేసి దాన్ని నిర్బంధం చేసింది. మొదట్లో అమ్మిన ప్రతి నూరు డాలర్లకీ 25 సెంట్లు. దీన్నే "చెక్కాఫ్" అంటారు.

చందా నిర్బంధమయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. 1998 డిసెంబరులో పంది ధర పౌనుకి 10 సెంట్ల లోపుకి పడిపోయింది. చిన్న రైతులు వరసగా దుకాణం కట్టేశారు. "మా డబ్బుతో ప్రకటనలు వేస్తున్నారు సరే, లాభం కబేళా కంపెనీలకీ పెద్ద ఫారాలకీ పోతోంది కదా" అని వాళ్ళు అడిగారు. 2000లో రైతుల మధ్య ఓటింగు పెడితే సుమారు 53 శాతం చెక్కాఫ్ వద్దన్నారు. 2001 జనవరిలో వ్యవసాయ మంత్రి దాన్ని రద్దు చేస్తామన్నాడు. ప్రభుత్వం మారింది. ఫిబ్రవరి చివర కొత్త మంత్రి రాజీ ఒప్పందం మీద దాన్ని కొనసాగించింది. నిర్బంధ చందా ఖర్చు చేసే నేషనల్ పోర్క్ బోర్డునీ, విధానాల కోసం వాషింగ్టన్‌లో వాదించే కౌన్సిల్‌నీ విడదీశారు. చందా మాత్రం ఆగలేదు.

1980లో అమెరికాలో పందులు పెంచే ఫారాలు ఆరు లక్షలకు పైగా ఉండేవి. 2022 వ్యవసాయ లెక్కల్లో అవి అరవై వేల చిల్లర. పందుల సంఖ్య తగ్గలేదు, మనుషులు తగ్గారు. సంఘం బతికింది, బలిసింది కూడా. దాన్ని పెట్టిన రకం రైతు మాత్రం చాలావరకు లేడు. మనిషికొక ఓటున్న సంఘానికీ, డాలరుకొక గొంతున్న సంఘానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

మళ్ళీ యాంగోన్‌కి

స్వాతంత్ర్యం తరువాత బర్మాలో సంఘాల కథ వేరే దారి పట్టింది. 1962 మార్చిలో సైన్యం అధికారం తీసుకుంది. 1963, 64 సంవత్సరాల్లో బ్యాంకులు, మిల్లులు, దుకాణాలు జాతీయం చేశారు. లక్షల సంఖ్యలో భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. వైజాగులో బర్మా క్యాంపు అన్న మాట ఆ తరానికి తెలుసు. ప్రైవేటు వర్తకమే లేనప్పుడు వర్తక సంఘాలెందుకు? పాతికేళ్ళ పాటు సంఘమంటే ప్రభుత్వం పెట్టినదే. 1988 తరువాత తలుపులు కొంత తెరిచారు. 1919 నాటి బర్మా చేంబర్‌కి వారసురాలినని చెప్పుకునే వర్తక పారిశ్రామిక మండళ్ళ సమాఖ్య మళ్ళీ లేచింది. పశుపోషకులకి మయన్మార్ లైవ్‌స్టాక్ ఫెడరేషన్ ఏర్పడింది. ఇవి కింది నుంచి పుట్టి పైకి ఎదిగినవి కావు. మంత్రిత్వశాఖల నీడలో పెరిగినవి. శిక్షణలు, సమావేశాలు, దిగుమతుల మీద విన్నపాలు - ఇవన్నీ చేస్తాయి. ఫారం ఉన్నవాడు అక్కడికి వెళ్ళగలడు. ఇంటి వెనక రెండు పందులున్న ఆవిడకి అలాంటిది ఒకటుందనే తెలియదు.

1990 దశకంలో థాయిలాండుకు చెందిన సీపీ కంపెనీ వచ్చింది. దాణా మిల్లులు, మేలు జాతి పిల్లలు, కొత్త పద్ధతులు తెచ్చింది. దానితో ఉత్పత్తి పెరిగిన మాట నిజం. ఇలాంటి కంపెనీల ఒప్పంద సేద్యంలో పిల్లా దాణా మందూ కంపెనీవి, పాకా కరెంటూ కష్టమూ రైతువి. ధర పడినప్పుడు రైతుకి కొంత రక్షణ ఉంటుంది. కానీ ఒప్పందం ఎప్పుడూ ఒక కంపెనీకీ ఒక రైతుకీ మధ్యే ఉంటుంది.

సంఘం లేని లోటు 2019లో బయటపడింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు 2018 ఆగస్టులో చైనాలో, 2019 ఫిబ్రవరిలో వియత్నాంలో, అదే ఏడు ఆగస్టులో చైనా సరిహద్దున షాన్ రాష్ట్రంలోని మోంగ్ లా దగ్గర కనిపించింది. 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లకీ వచ్చింది. మనుషులకి అంటదు, పందికి సోకితే దాదాపు చావే. మందు లేదు. వియత్నాం వాళ్ళు ఈమధ్య టీకా తయారు చేసినా, దాని మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి. అప్పటికీ ఇప్పటికీ అసలు రక్షణ ఒక్కటే: జబ్బు కనిపించిన రోజునే చెప్పడం, ఆ చుట్టుపక్కల పందుల రాకపోకలు ఆపడం.

చెప్పేదెవరు? నష్టపరిహారం మీద నమ్మకం లేనివాడు జబ్బు వాసన తగిలిన మరుక్షణం పందిని దళారికి అమ్మేస్తాడు. అతనిది దుర్మార్గం కాదు, ఆ పంది అతని పిల్లల బడి ఖర్చు. కానీ ఆ పందితో పాటు జబ్బు కూడా బండెక్కి పక్క ఊరికి వెళ్తుంది. "నువ్వు చెప్పు, నీ నష్టాన్ని మేం తలా కాస్త పంచుకుంటాం" అని హామీ ఇచ్చేది పరస్పర నిధి ఉన్న సంఘమొక్కటే. 2021 సైనిక తిరుగుబాటు తరువాత ఇక్కడి చాట్ విలువ పడిపోయి, డాలర్లతో కొనే దాణా సరుకులూ మందులూ మండిపోయాయి. ప్రభుత్వం మీద ఆశ పెట్టుకోలేని కాలంలో చిన్న సంఘం అవసరం ఇంకా పెరిగింది.

ఎరుకల వాడ సంగతి

ఇది పరాయి దేశపు గొడవ అనుకోనక్కరలేదు. తెలుగునాట పందుల పెంపకం తరతరాలుగా ఎక్కువగా ఎరుకలవారి చేతుల్లో ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద ఇంగ్లీషు ప్రభుత్వం వాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టరులో రాసింది; 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్మెంటు అందుకు గుర్తు. ఆ చట్టం పోయింది 1952లో. పోలీసు రిజిస్టరులో పేరున్నవాడికి సంఘం రిజిస్టరులో పేరెక్కడం అంత సులువు కాదు. తరువాత ప్రభుత్వం దేశంలో పెట్టిన కొద్ది బేకన్ ఫ్యాక్టరీల్లో ఒకటి మన గన్నవరంలోనే పెట్టింది. హోర్సెన్స్‌లోనూ ఫ్యాక్టరీయే, గన్నవరంలోనూ ఫ్యాక్టరీయే. ఒకటి పందులు పెంచేవాళ్ళది, ఇంకోటి ప్రభుత్వానిది. ఇవాళ మన పట్నాల్లో మునిసిపాలిటీ బండి వచ్చి పందుల్ని పట్టుకుపోతుంటే, ఆ పందుల మనిషి వీధిలో నిలబడి అరుస్తాడు తప్ప బల్ల దగ్గర కూర్చుని మాట్లాడే అవకాశం అతనికి అరుదు.

ఏ సంఘాన్నయినా అడగవలసినవి

ఈ చరిత్రంతా చదివాక నాకు మూడు ప్రశ్నలు మిగిలాయి. చందా ఎవరిది? ఓటు ఎవరిది? కష్టం వచ్చిన రోజున అది ఎవరి పక్షాన నిలబడుతుంది? రంగూను చేంబర్‌లో మూడింటికీ ఒకటే జవాబు, అందుకే అది అంత బలంగా ఉండేది. డెన్మార్కు సహకార సంఘంలో కూడా అంతే. అమెరికాలో చందా ఒకరిది, ఫలితం ఎక్కువగా ఇంకొకరిది అయింది. పరాయిదేశాల్లో మనం పెట్టుకున్న తెలుగు సంఘాలకి కూడా అప్పుడప్పుడూ ఈ ప్రశ్నలు వేసుకుంటే తప్పు లేదు; కోపగించుకోకండి.

యాంగోన్ చుట్టూ మోబీ, లెగూ వంటి పల్లె ప్రాంతాల్లో చిన్న పెంపకందార్లకి నేను చెప్పే సలహా పెద్దదేమీ కాదు. పది ఇళ్ళవాళ్ళు కలవండి. మిల్లు నుంచి తవుడు బండి ఒకటి కలిపి కొనండి. ఒక తూకపు కాటా కొని మీ దగ్గరే పెట్టుకోండి. ఇక్కడ మాంసం తూచే "విస్" మన వీశె మాటే, సముద్రం దాటి వచ్చి సుమారు 1.63 కిలోల దగ్గర స్థిరపడింది. దళారి కాటా మీద పందికి రెండు మూడు వీశెలు తగ్గినా ఒంటరి మనిషి అడగలేడు. సొంత కాటా మీద ముందే తూచి, అంకె పుస్తకంలో రాసి పెట్టుకున్న పదిమంది అడగగలరు. అదే పుస్తకంలో ఎవరి పంది ఎప్పుడు ఈనింది, ఎవరి పందికి జ్వరం వచ్చింది అన్నవి కూడా రాస్తే, పందుల సంఘానికి కావలసిన మొదటి దస్తావేజు తయారైనట్టే.